ఆ గిటార్‌కు శ్రుతి చేసిందెవరు?

లెడ్ జెప్పెలిన్ మొదటి ఎల్పీ 1969 జనవరిలో అమెరికాలో విడుదలైంది. దాని రెండో వైపు రెండు నిమిషాల పైచిలుకు నిడివి ఉన్న చిన్న వాయిద్యం ఒకటి ఉంది. పేరు 'బ్లాక్ మౌంటెన్ సైడ్'. పాడేవాళ్లు లేరు, డ్రమ్ముల మోత లేదు. ఉక్కు తీగల గిటార్ ఒకటి, దానికి తోడు తబలా. తబలా వాయించింది విరామ్ జసానీ. హోరుకు మారుపేరు కాబోతున్న బ్యాండ్ తొలి రికార్డులో ఇదేమిటని అప్పట్లో నొసలు చిట్లించినవాళ్లు ఉండే ఉంటారు. స్వరకర్తగా కవరు మీద ఉన్న పేరు ఒక్కటే: జిమ్మీ పేజ్.

మూడేళ్లు వెనక్కి వెళ్తే బర్ట్ జాన్ష్ అనే గిటారిస్టు 1966లో తెచ్చిన 'జాక్ ఓరియన్' రికార్డు కనిపిస్తుంది. అందులో 'బ్లాక్ వాటర్ సైడ్' అనే ఐరిష్ పాట ఉంది. నదీ తీరాన ప్రేమించి మోసపోయిన అమ్మాయి గోడు అది. జాన్ష్ గొంతును పక్కన పెట్టి వెనక నడిచే గిటార్‌ను మాత్రమే వింటే, జెప్పెలిన్ రికార్డులో ఉన్నది అదేనని సంగీతం రానివాళ్లు కూడా చెప్పేస్తారు. ఆ పాట జాన్ష్‌కు నేర్పింది ఆన్ బ్రిగ్స్ అనే గాయని. ఆమెకు నేర్పింది పాటల సేకర్త ఎ.ఎల్. లాయిడ్. అంతకు ముందు అది ఐర్లండ్‌లో ఊళ్లు పట్టుకు తిరిగే సంచార జాతుల నోట ఉండేది. వాళ్లంతా వాద్యం లేకుండా ఉత్త గొంతుతోనే పాడేవాళ్లు. బొటనవేలితో కింది తీగల మీద నడక పట్టి, పై తీగల మీద గాయని గమకాలను అనుసరిస్తూ సాగే ఆ గిటార్ పని మాత్రం జాన్ష్ సొంతం. బాణీ జనానిది, వాద్య రచన జాన్ష్‌ది. కవరు మీద పేరు పేజ్‌ది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. జాన్ష్ కచేరీల వెంట తిరిగిన అల్ స్టీవర్ట్ అనే గాయకుడు, ఆ వాయిద్యాన్ని స్టూడియో విరామంలో పేజ్‌కు చూపించింది తానేనని తర్వాత చెప్పుకున్నాడు. జాన్ష్ ఆరో తీగను ఒక్కదాన్నే ఒక స్వరం దించి వాయించేవాడు. స్టీవర్ట్ అది వేరే శ్రుతి అనుకుని, మూడు తీగలు దించి నేర్చుకున్నాడు. పేజ్ వాయించింది కూడా ఆ మూడు తీగలు దించిన శ్రుతిలోనే. స్టీవర్ట్ మాట నిజమైతే, నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు పాట మారినట్టే ఇక్కడ చేతి నుంచి చేతికి వెళ్లేటప్పుడు గిటార్ శ్రుతి మారిందన్నమాట. జానపదం నడిచే తీరు ఇంతకన్నా వేరుగా ఏమీ ఉండదు. జాన్ష్ రికార్డు కంపెనీ ట్రాన్సట్లాంటిక్ లాయర్లను సంప్రదించింది. పాత బాణీ మీద హక్కు తేల్చడం కష్టం, పెద్ద బ్యాండుతో కోర్టులో తలపడే ఖర్చు భరించడం ఇంకా కష్టం. దావా వేయలేదు.

రాక్ గిటార్ మూలాలు ఎక్కడంటే వెంటనే వచ్చే జవాబు మిసిసిపీ బ్లూస్. ఆ జవాబు తప్పేమీ కాదు, సగమే. పేజ్ విషయంలో మిగతా సగం బ్రిటన్, ఐర్లండ్ పల్లె పాటల్లోనూ, వాటిని లండన్ క్లబ్బుల్లో గిటార్ మీదికి తెచ్చిన నలుగురైదుగురు కుర్రాళ్ల వేళ్లలోనూ ఉంది. ఈ సంగతిని ఎవరు ఎత్తినా చర్చ చివరికి దొంగతనం దగ్గరికే వెళ్తుంది. ఏ పాట ఎవరిది, ఎవరి పేరు వేశారు, ఎవరిది ఎగ్గొట్టారు? ఆ లెక్క తేలాల్సిందే, కిందికి వెళ్తే తేల్చుకోవచ్చు కూడా. కానీ పేజ్ జానపదం నుంచి తీసుకున్న వాటిలో పాటల కన్నా పెద్దది ఒకటుంది. అది శ్రుతి. దాని మీద ఏ కోర్టులోనూ దావా నడవదు.

పేజ్ 1944 జనవరి 9న లండన్ పశ్చిమాన హెస్టన్‌లో పుట్టాడు, ఎప్సమ్‌లో పెరిగాడు. 1950ల చివర బీబీసీ పిల్లల కార్యక్రమంలో స్నేహితులతో కలిసి గిటార్ వాయించిన పాత ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుంది. ఒంటికి మించిన గిటార్, చక్కగా దువ్విన తల. పెద్దయ్యాక ఏం చేస్తావని అడిగితే జీవశాస్త్ర పరిశోధన అన్నాడు. వాయించింది స్కిఫుల్. చవక గిటార్, గుడ్డలుతికే బల్ల, టీ పెట్టెకు కర్ర కట్టి తాడు లాగిన బేస్, ఇవి ఉంటే చాలు, అప్పట్లో బ్రిటన్‌లో ప్రతి వీధికీ ఒక స్కిఫుల్ బృందం ఉండేది. ఆ పిచ్చి పట్టించింది లానీ డోనెగన్. ఆయన 1954లో రికార్డు చేసిన 'రాక్ ఐలండ్ లైన్' 1956 నాటికి ఊపేసింది. ఆ పాటను జాన్ లోమాక్స్ 1934లో అమెరికాలోని ఆర్కన్సా జైలు ఖైదీల నోట రికార్డు చేశాడు. అప్పుడు ఆయన వెంట ఉన్న లెడ్‌బెల్లీ దాన్ని పట్టుకుని తన పాటగా ఊరూరా పాడాడు. బీబీసీలో బాల పేజ్ వాయించిన పాటల్లో లెడ్‌బెల్లీదే 'కాటన్ ఫీల్డ్స్' ఉంది. అంటే పదమూడు పద్నాలుగేళ్ల వయసులో అతని చేతికి వచ్చిన మొదటి 'జానపదం' అమెరికా జైలు నుంచి, పత్తి చేను నుంచి, గ్రామఫోను రికార్డు దారిన వచ్చింది. ఇంటి పక్క పల్లె పాట అతనికి తర్వాతెప్పుడో గాని తగల్లేదు.

అది తగిలింది 1960ల లండన్‌లో. పగలు పేజ్ స్టూడియోల్లో కూలికి గిటార్ వాయించేవాడు. ఎవరి పాటైనా సరే, పిలిస్తే వెళ్లి వాయించి డబ్బు తీసుకుని వచ్చేయడం. సోహో సందుల్లోని 'లే కజన్' లాంటి నేలమాళిగ క్లబ్బుల్లో ఆ రోజుల్లో రాత్రంతా జానపద గిటార్ నడిచేది. జాన్ష్ మొదటి రికార్డు విన్నాక దాని మాయలో పడిపోయానని పేజ్ తర్వాత పలుసార్లు చెప్పాడు. అయితే జాన్ష్‌కే గురువు లాంటివాడు ఇంకొకడున్నాడు, డేవీ గ్రహమ్.

డేవీ గ్రహమ్ తల్లి గయానా ఆడపడుచు, తండ్రి స్కాట్లండ్ వాడు. 1959లో కెన్ రస్సెల్ బీబీసీకి తీసిన గిటార్ చిత్రంలో 'క్రై మీ ఎ రివర్' వాయిస్తూ కనిపించేటప్పటికి గ్రహమ్‌కు ఇరవై నిండలేదు. 1962లో వచ్చిన 'ఆంజి' అనే చిన్న వాయిద్యం బ్రిటన్‌లో గిటార్ పట్టిన ప్రతివాడికీ పరీక్ష అయింది. జాన్ష్ వాయించాడు, పాల్ సైమన్ 1966లో తన రికార్డులో పెట్టుకున్నాడు. అయితే గ్రహమ్ చేసిన అసలు పని వేరు. 1960ల మొదట్లో మొరాకోలోని టాంజియర్‌లో తిరుగుతూ, అక్కడి ఊద్ వాద్యకారులతో కలిసి వాయించడానికి గిటార్ తీగల శ్రుతే మార్చేశాడు. ఆరు తీగలకు ఇంగ్లిష్ అక్షరాల పేర్లు వరసగా పేర్చి గిటారిస్టులు ఆ శ్రుతిని 'డాడ్‌గాడ్' అంటారు.

మామూలు గిటార్‌లో ఒకటి, రెండు, ఆరు తీగలను ఒక్కో స్వరం దించితే ఈ శ్రుతి వస్తుంది. కింది నుంచి పైకి మన లెక్కలో చెబితే స, ప, స, మ, ప, స. వీణ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. వీణ ప్రధాన తీగలు స ప స ప, పక్కన తాళం తీగలు మళ్లీ స ప స. గ్రహమ్ శ్రుతిలో అదనంగా ఉన్నది ఒక్క శుద్ధ మధ్యమం. లేనిది గాంధారం. పాశ్చాత్య సంగీతంలో ఒక తీగల గుత్తి 'మేజరా, మైనరా' అని తేల్చేది గాంధారమే. అది ఖాళీ తీగల్లో లేకపోయేసరికి గిటార్ ఎటూ మొగ్గకుండా ఊగుతుంది, రాగం ఎటు తీసుకెళ్తే అటు వెళ్తుంది. ఒక తీగ మీద బాణీ నడుస్తుంటే మిగతావి షడ్జ పంచమాలతో గుయ్యిమంటుంటాయి. స్కాట్లండ్ తిత్తి వాద్యానికీ, ఐర్లండ్ పాటకూ, మొరాకో ఊద్‌కూ, మన తంబురాకూ సరిపోయే నేల అది. మామూలు శ్రుతిలో ఇంగ్లిష్ జానపద గీతానికి గిటార్ తోడు పెడితే హార్మోనియంతో త్యాగరాజ కృతిని కట్టేసినట్టు ఉంటుంది. ఈ శ్రుతిలో ఆ కట్లు తెగిపోతాయి.

గ్రహమ్ ఈ శ్రుతిలో ఎక్కించుకున్న పాట 'షి మూవ్‌డ్ త్రూ ద ఫెయిర్'. ఐర్లండ్‌లోని డోనెగల్‌లో సేకరించిన బాణీకి కవి పాడ్రిక్ కోలమ్ మాటలు కట్టగా 1909లో అచ్చయింది. అంటే అది కూడా పూర్తిగా పేరులేని పల్లె సొత్తు కాదు. గ్రహమ్ మాటలు తీసేసి దాన్ని ఆలాపనలా సాగదీశాడు. యార్డ్‌బర్డ్స్ బృందంలో ఉండగా పేజ్ 1967లో 'వైట్ సమ్మర్' పేరుతో వాయించింది దాదాపు ఇదే. తబలా అక్కడే మొదలైంది. కవరు మీద పేరు అక్కడ కూడా పేజ్‌దే. జెప్పెలిన్ కచేరీల్లో 'వైట్ సమ్మర్', 'బ్లాక్ మౌంటెన్ సైడ్' కలిపి పది నిమిషాలు నడిపేవాడు. దానికి వాడింది డానెలెక్ట్రో అనే చవక గిటార్. నొక్కి గట్టిపరిచిన చెక్కపొట్టు అట్టతో చేసిన ఒళ్లు దానిది. అదే గిటార్, అదే శ్రుతి.

1977, 1979 కచేరీల్లో ఆ వాయిద్యం చివర పేజ్ ఆగకుండా, గిటార్ మార్చకుండా, ఇంకో పాటలోకి దిగేవాడు. ఆ పాట 'కశ్మీర్'. రాక్ సంగీతం పెద్దగా వినని తెలుగువాళ్లకు కూడా ఆ నడక ఎక్కడో ఒక చోట చెవిన పడే ఉంటుంది. కింద షడ్జం కదలదు. దాని మీద పంచమం నుంచి శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం ఒక్కో మెట్టూ పైకి ఎక్కుతుంటాయి. గిటార్ మూడు మాత్రల లెక్కలో తిరుగుతుంటే జాన్ బోనమ్ డ్రమ్ములు నాలుగు మాత్రల్లోనే నింపాదిగా నడుస్తాయి. తిశ్రం మీద చతురశ్రం, రెండూ ఎప్పుడో గాని కలవవు. అందుకే ఆ పాట ముందుకు పోతున్నట్టూ, ఎక్కడికీ పోనట్టూ ఉంటుంది. పేరు కశ్మీర్ అయినా బ్యాండు గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు మాటలు తోచింది 1973లో దక్షిణ మొరాకో ఎడారి దారిలో కారు నడుపుతుండగా. టాంజియర్‌లో గ్రహమ్ చేతికి చిక్కిన శ్రుతి పదేళ్లు లండన్‌లో తిరిగి, మళ్లీ మొరాకో గురించిన పాటలో తేలిందన్నమాట. ఇందులో ఎవరి బాణీనీ ఎవరూ ఎత్తలేదు. జానపదం ఈ పాటలో బాణీగా లేదు, తీగల బిగింపులో ఉంది. పేజ్ జానపద వారసత్వానికి ఒక్క ఉదాహరణ చూపించమంటే మాండొలిన్ మోగే పాటలకన్నా ముందు ఈ వ్యాసం చూపించేది 'కశ్మీర్'నే.

మాండొలిన్ పాటలు కూడా తక్కువవేమీ కావు. 1970లో పేజ్, ప్లాంట్ వేల్స్ కొండల్లో బ్రాన్-ఇర్-ఆర్ అనే పాత ఇంట్లో కొన్నాళ్లున్నారు. ప్లాంట్ చిన్నప్పుడు కుటుంబంతో సెలవులకు వెళ్లిన చోటు అది. కరెంటు లేదు, కుళాయి లేదు. కరెంటు లేని ఇంట్లో కరెంటు గిటార్ పనికిరాదు కాబట్టి మామూలు గిటార్లే గతి. అక్కడ పుట్టినవీ, అక్కడి గాలి సోకినవీ కలిసి ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన మూడో ఎల్పీ రెండో వైపు నిండాయి. పత్రికలు పెదవి విరిచాయి. క్రాస్బీ, స్టిల్స్, నాష్‌ల గాలి తగిలి మెత్తబడ్డారని రాశాయి. పేజ్‌కు ఒళ్లు మండింది. మొదటి ఎల్పీలోనే ఉత్త గిటార్ లేదా అని అతని వాదన. అందులో నిజముంది. మూడో ఎల్పీలోని 'బ్రాన్-వై-ఆర్ స్టాంప్' నడకకూ, జాన్ష్ 'జాక్ ఓరియన్'లోనే ఉన్న 'ద వాగనర్స్ లాడ్'కూ దగ్గరి చుట్టరికం ఉందని విన్నవాళ్లకు తెలుస్తుంది. ప్లాంట్ పెంపుడు కుక్క మీద కట్టిన సరదా పాట ఆ 'స్టాంప్'.

మూడో ఎల్పీలో అన్నిటికన్నా జానపదం 'గాలోస్ పోల్'. ఉరికంబం మీద నిలబెట్టిన మనిషి తలారిని కాస్త ఆగమంటాడు, మావాళ్లు వస్తున్నారు, విడిపించుకోవడానికి డబ్బు తెస్తున్నారేమో అంటాడు. ఈ కథ యూరప్‌లో పలు భాషల్లో ఉంది. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 దాకా అచ్చు వేసిన 305 ఇంగ్లిష్, స్కాటిష్ కథాగేయాల్లో దీని సంఖ్య 95. అందులో ఉరికంబం కింద ఉన్నది అమ్మాయి. తండ్రి వస్తాడు, తల్లి వస్తుంది, అన్న వస్తాడు, అందరూ ఉరి చూసిపోవడానికే వచ్చామంటారు. చివరికి ప్రియుడు బంగారం తెచ్చి విడిపిస్తాడు. అట్లాంటిక్ దాటాక పాట నల్లవాళ్ల చేతికి వచ్చింది. లెడ్‌బెల్లీ పన్నెండు తీగల గిటార్ మీద 1939లో దీన్ని రికార్డు చేశాడు. ఆయన శైలిని పట్టిన ఫ్రెడ్ గెర్లాక్ తన పద్ధతిలో మళ్లీ కట్టాడు. పేజ్ విన్నది గెర్లాక్ రికార్డు, ఆ మాట అతనే చెప్పాడు.

జెప్పెలిన్ చేతిలో పాట ఎలా పెరుగుతుందో ఒకసారి దగ్గరగా వినాలి. మొదట ఆరు తీగల గిటార్ ఒక్కటే, గొంతు దాని మీద నిదానంగా. తర్వాత పన్నెండు తీగల గిటార్ చేరుతుంది. తర్వాత బ్యాండులో బేస్ వాయించే జాన్ పాల్ జోన్స్ మాండొలిన్. తర్వాత బేస్, ఆ వెనక డ్రమ్ములు పడతాయి. డ్రమ్ములతో పాటే బాంజో, అదీ పేజ్ వాయించిందే, అంతకు ముందు అతను బాంజో రికార్డు చేసింది లేదు. కాలం హెచ్చుతూ హెచ్చుతూ చివరికి ప్లాంట్ కేకలు, అడుగున కరెంటు గిటార్. కథ కూడా మారింది. స్నేహితులు వట్టి చేతులతో వస్తారు, అన్న వెండీ బంగారం తెస్తాడు, చెల్లెలు తలారి వెంట వెళ్తుంది. తలారి అన్నీ పుచ్చుకుంటాడు, నవ్వుతూ ఉరి తీసేస్తాడు. ప్రియుడు వచ్చి కాపాడే సుఖాంతం పోయింది, లంచం తిని కూడా పని చేయని అధికారి మిగిలాడు. పాత కథకు ఇది మెరుగులు దిద్దిన ముగింపా, చెడగొట్టిన ముగింపా అన్న వాదన ఉంటుంది గాని, పాట వేగానికి ఈ ముగింపే తగింది. పేరు దగ్గర 'సంప్రదాయ గీతం, కూర్పు పేజ్, ప్లాంట్' అని వేశారు. అది పద్ధతి.

పక్కనే అదే లండన్‌లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం, పాత పాటను రాక్ బ్యాండులో ఇమిడ్చే ఇదే సమస్యను ఇంకో దారిన పట్టుకుంది. 1969 డిసెంబరులో వచ్చిన వాళ్ల 'లీజ్ అండ్ లీఫ్'లో చైల్డ్ గేయాలను కరెంటు గిటార్లతో, ఫిడేలుతో, డ్రమ్ములతో పాడారు. అక్కడ పాట యజమాని, వాద్యం పనివాడు. జెప్పెలిన్‌లో లెక్క తిరగబడింది. 1971లో 'ద బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్' కోసం ఫెయిర్‌పోర్ట్ మాజీ గాయని శాండీ డెనీని ప్లాంట్‌తో కలిసి పాడటానికి పిలిచారు. జెప్పెలిన్ స్టూడియో రికార్డుల్లో ప్లాంట్‌తో పాటు పాడిన ఒకే ఒక్క అతిథి గొంతు ఆమెది. నలుగురికీ నాలుగు గుర్తులున్న ఆ కవరు మీద ఆమెకూ ఒక గుర్తు ఇచ్చారు. ఆ పాట బాణీ పాతది కాదు, సొంతంగా కట్టిందే. హెడ్లీ గ్రేంజ్ ఇంట్లో జోన్స్ మాండొలిన్ పడి ఉంటే పేజ్ ఊరికే చేతిలోకి తీసుకుని మీటుతుంటే వచ్చింది. వింటే మాత్రం మూడు వందల ఏళ్ల నాటి పాటేమో అనిపిస్తుంది.

ఇక పేర్ల లెక్క.

'బేబ్ ఐమ్ గాన లీవ్ యూ' మొదటి ఎల్పీలో 'సంప్రదాయ గీతం' అని అచ్చయింది. సంప్రదాయం కాదు, 1950ల చివర కాలిఫోర్నియాలో ఆన్ బ్రెడన్ రాసిన పాట. జోన్ బాయెజ్ 1962 కచేరీ రికార్డులో రచయిత్రి పేరు లేకుండా వచ్చింది. పేజ్, ప్లాంట్ బాయెజ్ రికార్డు విని ఎవరూ రాయలేదనుకున్నారు. ఈ పొరపాటుకు వాళ్లను మరీ తప్పు పట్టలేం. రాక్ రికార్డులు పట్టించుకోని బ్రెడన్‌కు 1980ల దాకా సంగతే తెలియదు. 1990 నుంచి పాట పేరు కింద ఆమె పేరు చేరింది, బాకీ డబ్బూ ముట్టింది.

అదే ఎల్పీలో విల్లీ డిక్సన్ రాసిన రెండు పాటలకు ఆయన పేరు చక్కగా వేశారు. 1969 అక్టోబరులో రెండో ఎల్పీ వచ్చేసరికి, మడ్డీ వాటర్స్ పాడిన డిక్సన్ పాట మాటలు దించుకున్న 'హోల్ లాటా లవ్'కు ఆయన పేరు మాయం. డిక్సన్ 1985లో దావా వేశాడు, 1987లో రాజీ కుదిరింది. జనవరిలో గుర్తున్న మనిషి అక్టోబరుకు గుర్తు లేకపోవడాన్ని జానపదం మీదికి నెట్టడం కుదరదు. 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' సంగతీ అంతే. అది జేక్ హోమ్స్ 1967లో రికార్డు చేసిన పాట, యార్డ్‌బర్డ్స్ అతని నోటే న్యూయార్క్‌లో విన్నారు. పేజ్ పేరుతో నలభై ఏళ్లు అమ్ముడుపోయాక 2010లో దావా పడింది, బయటే తేలింది.

మూడో ఎల్పీ చివరి పాట 'హ్యాట్స్ ఆఫ్ టు రాయ్ హార్పర్' మరీ చిత్రం. దానికి కూర్పరి పేరు 'చార్లెస్ అబ్‌స్క్యూర్'. అంటే అనామక చార్లెస్, వేళాకోళానికి పెట్టుకున్న దొంగ పేరు. పాటలో మాటలు బుకా వైట్ 1937లో రికార్డు చేసిన 'షేక్ ఎమ్ ఆన్ డౌన్'వి. 1970లో బుకా వైట్ బతికే ఉన్నాడు, 1977లో గాని పోలేదు. పేరున్న మనిషి బతికుండగా అనామకుడి పేరు వేసి నవ్వుకోవడం, ఈ మొత్తం జాబితాలో అన్నిటికన్నా చేదుగా తగిలే పని. మిసిసిపీ 1927 వరదల మీద 1929లో వచ్చిన 'వెన్ ద లెవీ బ్రేక్స్'కు కాస్త న్యాయం జరిగింది. జెప్పెలిన్ నలుగురి పేర్ల పక్కన మెంఫిస్ మినీ పేరు వేశారు. ఆ రికార్డులో పాడింది మాత్రం ఆమె భర్త కాన్సాస్ జో మెకాయ్. ఆయన పేరు జారిపోయింది.

బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో పాడిన భక్తి గీతాలు రెండు, 'ఇన్ మై టైమ్ ఆఫ్ డైయింగ్', 'నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్' పేర్లతో 1975, 1976 రికార్డుల్లో వచ్చాయి. మొదటిదానికి నలుగురి పేర్లు, రెండోదానికి పేజ్, ప్లాంట్ పేర్లు. టెక్సస్ వీధుల్లో పాడుకుని 1945లో చనిపోయిన ఆ గుడ్డి గాయకుడి ఇంకో పాటను నాసా 1977లో వోయేజర్ బంగారు రికార్డులో ఆయన పేరుతోనే అంతరిక్షంలోకి పంపింది. పాట పాతది, పాడిన తీరు ఆయనది. జాన్సన్ తీగల మీద జార్చిన పలుకును పేజ్ మొత్తం బ్యాండు మోతగా మార్చాడు. చేసిన పని గొప్పది. 'సంప్రదాయ గీతం' అని ఒక్క మాట వేయడానికి చేయి రాకపోవడమే వింత, ఎందుకంటే 'గాలోస్ పోల్'కు ఆ చెయ్యి వచ్చింది.

ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే నిజంగా జనానిదైన పాటల దగ్గర గొడవ తక్కువ. గొడవంతా ఒక మనిషి కట్టిన పాటను జనానిదనో, జనం పాటను తమదనో రాసుకున్న చోట. ఇది జెప్పెలిన్ ఒక్కరి రోగం కాదు. 'స్కార్బరో ఫెయిర్'కు మార్టిన్ కార్తీ కట్టిన గిటార్‌ను పాల్ సైమన్ తీసుకుని ఆయన పేరెత్తలేదన్న కినుక దశాబ్దాలు నడిచింది. 2000లో లండన్‌లో ఇద్దరూ ఒకే వేదిక మీద ఆ పాట పాడాక చల్లారింది. జాన్ష్, పేజ్‌ల మధ్య అలాంటి వేదిక రాలేదు. జాన్ష్ 2011లో చనిపోయాడు.

'స్టెయిర్‌వే టు హెవెన్' కేసులో గాలి ఎదురు తిరిగింది. 1968లో స్పిరిట్ బృందం వాయించిన 'టారస్' నుంచి మొదటి గిటార్ భాగం ఎత్తారని 2014లో దావా పడింది. తార షడ్జం నుంచి కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం అని ఒక్కో మెట్టూ దిగే వరస రెండింటిలోనూ ఉంది. ఆ దిగుడు మెట్లు మూడు వందల ఏళ్లకు పైగా ఐరోపా సంగీతంలో ఉన్నాయని ప్రతివాదుల నిపుణుడు చూపించాడు. 'మేరీ పాపిన్స్' సినిమా పాటలోనూ ఉన్నాయి. 1959 బీబీసీ ఫిల్ములో డేవీ గ్రహమ్ వేళ్ల కిందా దాదాపు ఇవే వినిపిస్తాయి. 2016లో జ్యూరీ జెప్పెలిన్ పక్షాన తీర్పిచ్చింది, 2020లో అప్పీలు కోర్టు దాన్నే నిలబెట్టింది, అదే ఏడాది సుప్రీం కోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. తీర్పు సబబే. ఆ పాటలో ఇంగ్లండ్ పల్లె వాసన వచ్చేది ఆ మెట్ల వల్ల కన్నా జోన్స్ ఊదిన రికార్డర్ పిల్లనగ్రోవుల వల్ల.

మన దేశంతో పేజ్‌కున్న నేరు లంకె 1972 నాటిది. ప్లాంట్‌తో కలిసి బొంబాయిలో దిగి, స్థానిక వాద్యకారులతో తమ పాటలు 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' మళ్లీ రికార్డు చేశాడు. అవి 2015లో గాని అధికారికంగా బయటికి రాలేదు. 'ఫ్రెండ్స్' మామూలు శ్రుతిలో లేదు, దాని తీగలు ఇంకో రకంగా శ్రుతి చేసినవి, అందుకే బొంబాయి వాద్యాలతో పేచీ లేకుండా కలిసిపోయింది. 'ఫోర్ స్టిక్స్' తాళం మాత్రం ఇరుపక్షాలనూ ఇబ్బంది పెట్టినట్టు వింటేనే అర్థమవుతుంది.

ఇరవై రెండేళ్ల తర్వాత, 1994లో పేజ్, ప్లాంట్ ఈ మూలాలన్నిటినీ ఒక చోటికి తెచ్చే పని పెట్టుకున్నారు. ఆ రికార్డు పేరు 'నో క్వార్టర్'. మరాకేష్ వీధి వాద్యకారులతో కొన్ని పాటలు, హొస్సామ్ రమ్జీ నడిపించిన ఈజిప్టు బృందంతో 'కశ్మీర్', వేల్స్ పలకరాతి గనిలో 'నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్', చక్రం తిప్పి వాయించే పాతకాలపు హర్డీ-గర్డీతో నైజెల్ ఈటన్. శాండీ డెనీ 1978లోనే పోయింది కాబట్టి 'ఎవర్‌మోర్'లో ఆమె భాగాన్ని గజల్ గాయని నజ్మా అఖ్తర్ పాడింది. మొరాకో, ఈజిప్టు, వేల్స్, హిందుస్థానీ గాత్రం, అన్నీ సరిపోయాయి. పిలవనిది జాన్ పాల్ జోన్స్ ఒక్కణ్ణే. 'ఎవర్‌మోర్' పుట్టిన మాండొలిన్ ఆయనది, 'నో క్వార్టర్' అన్న పేరు తీసుకున్న పాటలో ఎక్కువ పాలు ఆయనది. మరుసటి జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ముగ్గురూ కలిసినప్పుడు, నా ఫోన్ నంబరు ఇన్నాళ్లకు గుర్తుపెట్టుకున్నందుకు మిత్రులకు కృతజ్ఞతలని జోన్స్ చురక వేశాడు.